పియానో పరీక్షకు ఐదు రోజులే... చెయ్యి లాగుతోంది, వేళ్లు వణుకుతున్నాయి!

ప్రశ్న: నా వయసు 19. ఇంకో ఐదు రోజుల్లో పియానో గ్రేడ్ పరీక్ష ఉంది. మూడు పీసులు, స్కేల్స్ (స్వరాలను వరసగా ఎక్కిస్తూ, దించుతూ వాయించడం), సైట్ రీడింగ్ (ముందు చూడని స్వరలిపిని అప్పటికప్పుడు చూసి వాయించడం) ఉంటాయి. రెండు వారాల కిందటి వరకు రోజూ గంటన్నర సాధన చేసేదాన్ని. ఇప్పుడు ఐదు గంటలు చేస్తున్నాను. నాలుగు రోజులుగా కుడి ముంజేయి పైభాగం లాగుతోంది. ఆక్టేవ్‌లు (ఒకే స్వరాన్ని కింది, పై స్థాయిల్లో ఒకే చేత్తో కలిపి పట్టడం) వాయిస్తుంటే మరీ ఎక్కువ. పైగా ఎవరి ముందైనా వాయించాలంటే వేళ్లు చల్లబడి వణుకుతున్నాయి. ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుంటే వణుకు ఉండదని స్నేహితురాలు తన దగ్గరున్నవి ఇస్తానంటోంది. వేసుకోవచ్చా?

జవాబు: ఆ మాత్ర వేసుకోకండి. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు చేతి సంగతి చూద్దాం.

నొప్పికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. గంటన్నర సాధన ఒక్కసారిగా ఐదు గంటలైంది. వేళ్లను ఆడించే ప్రధాన కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. వాటి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) తాళ్లలా మణికట్టు మీదుగా వేళ్లకు చేరతాయి. పైభాగంలోని కండరాలు వేళ్లను, మణికట్టును పైకెత్తేవి. ఆక్టేవ్ పట్టినప్పుడు మీ చెయ్యిని గమనించండి. బొటనవేలు, చిటికెనవేలు చాచి ఉంటాయి. మధ్యలోని మూడు వేళ్లు పక్కనున్న పియానో మెట్లకు (కీలకు) తగలకుండా గాల్లో నిలబడతాయి. వరసగా ఆక్టేవ్‌లు వస్తే ఆ కండరాలకు క్షణం విరామం ఉండదు. అందుకే అక్కడే లాగుతోంది.

ఇది చాలావరకు అతిశ్రమ వల్ల వచ్చిన నొప్పే. అయితే మణికట్టు దగ్గర వాపు, రాత్రి నిద్రలేపే నొప్పి, వేలు ముడుచుకుని పట్టేయడం, వస్తువులు చేజారడం, వేళ్లలో తిమ్మిరి ఉంటే పరీక్ష దాకా ఆగకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. బొటన, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి ఉంటే మీడియన్ నరం, ఉంగరపు, చిటికెన వేళ్లలో ఉంటే అల్నార్ నరం నొక్కుకుపోతుండొచ్చు.

ఇవాళ పియానో ముట్టుకోవద్దు. రేపటి నుంచి రోజుకు మొత్తం గంటన్నర మించకూడదు, అదీ ఇరవై నిమిషాల చొప్పున, మధ్యలో కనీసం అరగంట విరామంతో. ఆక్టేవ్ భాగాన్ని సగం వేగంతో రోజుకు రెండుసార్లే వాయించండి. ప్రతి ఆక్టేవ్ తర్వాత చెయ్యి వెంటనే దగ్గరకు ముడుచుకోవాలి. చాచిన చెయ్యిని అలాగే బిగబట్టి తర్వాతి దానికి జరిపితేనే నొప్పి పెరుగుతుంది. మూడు పీసులనూ పరీక్ష క్రమంలో, ఆగకుండా, రోజుకు ఒక్కసారే వాయించండి. ముందురోజు నలభై నిమిషాలు చాలు. స్టూలు ఎత్తు కూడా సరిచూసుకోండి. మోచేయి మెట్ల ఎత్తులో గానీ, కాస్త పైన గానీ ఉండాలి. కిందికి ఉంటే మణికట్టు పైకి వంగి ఈ కండరాలనే మళ్లీ శ్రమ పెడుతుంది.

వాయించే ముందు పది నిమిషాలు గోరువెచ్చని కాపడం పెట్టండి. తర్వాత నొప్పి ఉంటే గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు. నొప్పి మాత్ర వేసుకుని ఇంకో రెండు గంటలు వాయించడం మాత్రం చెయ్యకండి. నొప్పి తెలియదు గానీ, దెబ్బ అలాగే తగులుతూ ఉంటుంది. వేళ్ల బలానికి బంతులు, స్ప్రింగులు మొదలుపెట్టే సమయం కూడా ఇది కాదు.

మిగతా గంటలు వృథా అయిపోతాయని భయపడకండి. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరు ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు, ఐదువేళ్ల పియానో అభ్యాసాన్ని వాయించకుండా మనసులోనే సాధన చేశారు. నిజంగా వాయించినవారి మెదడులో వచ్చినలాంటి మార్పులే వారిలోనూ కనిపించాయి. వాయించడంలో కాస్త వెనకబడ్డా, తర్వాత ఒక్క రెండు గంటల సాధనతో వారిని అందుకున్నారు. మీరూ నోట్స్ (స్వరలిపి) ముందు పెట్టుకుని, చేతులు ఒళ్లో ఉంచి, ఏ స్వరానికి ఏ వేలో ఊహించుకుంటూ వెళ్లండి. ఊహ ఎక్కడ మసకబారుతుందో పరీక్షలో తడబడేదీ అక్కడే. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ నాలుగు బార్లు (స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే భాగాలు) మాత్రమే నెమ్మదిగా పియానో మీద చూసుకోండి. ప్రతి పీసులో ఐదారు చోట్ల నుంచి నేరుగా అందుకోగలగాలి. ఎప్పుడూ మొదటి నుంచే సాధన చేసేవారు మధ్యలో తప్పు పడితే మళ్లీ మొదటికి పోతారు. నిద్ర తగ్గించొద్దు. కొత్తగా నేర్చిన వేళ్ల కదలికల వరసలు మెదడులో కుదురుకోవడానికి నిద్ర తోడ్పడుతుంది.

ఇక వణుకు. ఇది చేతకానితనం కాదు, భయపడినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోన్ పని. అది చర్మంలోని రక్తనాళాలను సంకోచింపజేస్తుంది కాబట్టి వేళ్లు చల్లబడతాయి. మనందరి చేతుల్లో సహజంగా ఉండే సన్నని కంపనాన్ని పెంచుతుంది కాబట్టి వణుకు పైకి కనిపిస్తుంది. ఈ స్థితిలో వాయించడం ముందే అలవాటు చేసుకోవచ్చు. రెండు నిమిషాలు ఇంటి మెట్లెక్కి దిగి, గుండె దడదడలాడుతుండగానే కూర్చుని మొదటి ఎనిమిది బార్లు వాయించండి. అడ్రినలిన్ టెంపోనూ (వాయించే వేగాన్నీ) పెంచుతుంది. అందుకే పీసులోని అత్యంత కష్టమైన బారును మనసులో పాడుకుని, దానికి సరిపడే వేగంతోనే మొదలుపెట్టండి. పెడల్ మీద కాలు వణికితే మడమను నేలకు గట్టిగా ఆనించండి. పిలుపు వచ్చే ముందు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మూడు నాలుగు నిమిషాలు అలా చేస్తే దడ కొంత తగ్గుతుంది.

ప్రొప్రనలాల్ వణుకును, గుండెదడను తగ్గించే మాట నిజమే. కానీ ఆస్తమా ఉన్నవారికి ఊపిరి ఆడనివ్వకుండా చేసి ప్రాణం మీదికి తేగలదు. నాడి నెమ్మదిగా కొట్టుకునేవారికి, లో బీపీ ఉన్నవారికి కళ్లు తిరగొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారిలో షుగర్ పడిపోతున్నప్పుడు హెచ్చరించే దడను కప్పిపెడుతుంది. మిమ్మల్ని పరీక్షించి, నాడి, బీపీ చూసిన డాక్టరే దాన్ని రాయాలి. రాసినా మొదటి మోతాదు పరీక్ష రోజున వేసుకోకూడదు, ముందే ఒక మామూలు రోజున వేసుకుని చూడాలి.

గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. ఆ ఉదయం కత్తిరిస్తే వేలికొనలకు మెట్ల స్పర్శ కొత్తగా ఉంటుంది. పరీక్షకు ముందు చేతులు గోరువెచ్చని నీళ్లలో కడుక్కుని, పది నిమిషాలు నెమ్మదిగా స్కేల్స్ వాయిస్తే చాలు. కష్టమైన భాగాలు మళ్లీ తిరగేయొద్దు. గదిలో స్టూలు సరిచేసుకోవడానికి మొహమాటపడకండి.

పరీక్ష అయ్యాక మూడు రోజులు చేతికి విశ్రాంతి ఇచ్చి, అరగంటతో మళ్లీ మొదలుపెట్టండి. రెండు వారాలైనా లాగడం తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. వెళ్లేటప్పుడు మీరు వాయిస్తుండగా పక్క నుంచి తీసిన వీడియో ఒకటి వెంట తీసుకెళ్లండి.