ముందు ఆ రిపోర్టు పూర్తిగా చదివించుకోండి

ప్రశ్న: మేము చెన్నై మడిపాక్కంలో ఉంటాం. మా ఆడకుక్క లక్కీకి తొమ్మిదేళ్లు. పాల గ్రంథిలో గడ్డ వస్తే పది రోజుల కిందట ఆపరేషన్ చేసి తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. మావారు 'ముసలి కుక్కకి ఇక ఖర్చెందుకు' అంటున్నారు. ప్లస్ టూ చదివే మా అమ్మాయికి చెప్పలేదు. రాత్రంతా దాని ఊపిరి చూస్తూ కూర్చుంటున్నాను. ఎన్నాళ్లు బతుకుతుంది?

జవాబు: క్యాన్సర్ అన్న ఒక్క మాట దగ్గరే మీరు ఆగిపోయారు. మీ ప్రశ్నకు ఆధారం దొరికేది రిపోర్టులోని మిగతా మాటల్లో. గడ్డ మూడు సెంటీమీటర్ల లోపే ఉందా, ఏ గ్రేడు (అంటే ఎంత తీవ్రమైన రకం), కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా, లింఫ్ గ్రంథికి పాకిందా? ఇవి డాక్టరును అడగండి. ఈ జబ్బు ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకుతుంది కాబట్టి ఛాతీ ఎక్స్‌రే సంగతి కూడా అడగండి. గడ్డ చిన్నదై, అంచులు శుభ్రంగా ఉండి, ఎక్కడికీ పాకకపోతే ఆపరేషన్ ఒక్కదానితోనే ఏళ్ల తరబడి హాయిగా బతికే కుక్కలు చాలా ఉన్నాయి. ఇంకో అభిప్రాయం కావాలంటే వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాస్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

డాక్టరు దగ్గరకు మీవారిని కూడా తీసుకెళ్లండి. ఆయన మాట కటువుగానే ఉంది, మీకు బాధ కలగడం సహజం. కానీ ఎంతవుతుందో, ఎప్పటికి ఆగుతుందో తెలియని ఖర్చు ఎవరికైనా టెన్షనే. ఏడాదికి ఎంత కావచ్చో డాక్టరు చేత రాయించుకుని, ఇద్దరూ ఒక హద్దు అనుకోండి. కుక్కలకు కీమో మనుషులకు ఇచ్చినంత తీవ్రంగా ఇవ్వరు, ఉన్నన్నాళ్లూ సుఖంగా ఉంచడమే దాని ఉద్దేశం. ఒకవేళ జబ్బు పాకి ఉండి, కీమో వద్దనుకుని నొప్పి తగ్గించే మందులే ఇప్పించినా మీరు లక్కీకి అన్యాయం చేసినట్టు కాదు.

కుట్లు విప్పేదాకా, నాకకుండా మెడకు వేసే గరాటులాంటి కాలర్ తీయకండి, నాకితే పుండు విడిపోతుంది. ఎర్రబడినా, చీము కారినా వెంటనే చూపించండి. మన ఇంట్లో వాడే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం పొరపాటున కూడా వేయకండి, అవి కుక్కలకు ప్రమాదం. తర్వాత మొదటి ఏడాది మూడు నెలలకోసారి చెకప్ చేయించడం మంచిది. సాధారణంగా కుక్కకు ఐదు జతల పాల గ్రంథులుంటాయి, మిగిలిన వాటిలో కొత్త గడ్డ రావచ్చు. అందుకని నెలకోసారి వెల్లకిలా పడుకోబెట్టి, బఠాణీ అంత గట్టిదనం తగిలినా తెలిసేలా వేళ్లతో తడిమి చూడండి.

రాత్రి కాపలా ఇక చాలు. అది నిద్రపోతున్నప్పుడు రోజుకోసారి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ముప్పై లోపు ఉంటే మీరూ వెళ్లి పడుకోండి. రోజూ అంతకు మించుతున్నా, దగ్గు మొదలైనా డాక్టరుకు చెప్పండి.

మీ అమ్మాయికి ఈ వారమే చెప్పండి, పరీక్షలయ్యేదాకా ఆగకండి. మీ ముఖం చూసి తను ఇప్పటికే ఏదో ఊహించుకుంటూ ఉంటుంది. ఊపిరి లెక్కపెట్టే పని తనకే అప్పగించండి.