పచ్చి అరటికాయ తియ్యగా ఉండదు కదా, అందులో పిండిపదార్థం (కార్బోహైడ్రేట్) తక్కువేనా?

తక్కువేమీ కాదు, పండులో ఉన్నంత కాయలోనూ ఉంటుంది: 100 గ్రాముల గుజ్జుకు ఇంచుమించు 20 నుంచి 25 గ్రాములు, కూర రకాల్లో ఇంకాస్త ఎక్కువే. కాయలో అది స్టార్చ్ రూపంలో ఉంటుంది, నాలుకకు దాని తీపి తెలియదు. మగ్గేకొద్దీ ఎంజైములు ఆ స్టార్చ్‌ను విడగొట్టి చక్కెరలుగా మారుస్తాయి. సరుకు అదే, రూపం మారిందంతే.

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో ఒక పచ్చి కాయ, బాగా మగ్గిన చక్కెరకేళి ఒకటి కొని, కోసి, ముక్కల మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. స్టార్చ్ తగిలితే అయోడిన్ రంగు మారుతుంది: కాయ ముక్క నల్లటి నీలంగా మారుతుంది, పండు ముక్క పెద్దగా మారదు. (కోసేటప్పుడు చేతికి అంటే జిగురు స్టార్చ్ కాదు, కాయ పాలు.)

కూరగాయే కదా అని షుగర్ ఉన్నవాళ్లు అరటికాయ వేపుడును బీరకాయతో సమానంగా లెక్కేస్తారు. అక్కడే పొరపాటు. బీరకాయలో పిండిపదార్థం 100 గ్రాములకు 5 గ్రాములు దాటదు. పచ్చి కాయ స్టార్చ్‌లో కొంత పీచులాగా అరగకుండా పోతుందన్న మాట నిజమే, కానీ ఉడికిస్తే అందులో చాలా భాగం అరిగిపోయేదిగా మారుతుంది. అరటికాయ కూరను బంగాళదుంపతో సమానంగా లెక్కేయాలి.