38 మంది, 8 లేన్లు, ఒక వీకెండ్

ప్రశ్న: నమస్తే సార్, మాది విజయవాడ దగ్గర చిన్న ఎయిర్ రైఫిల్, పిస్టల్ క్లబ్, 10 మీటర్ల రేంజ్, 8 లేన్లు, అన్నీ పేపర్ టార్గెట్లే. పోయినసారి 38 ఎంట్రీలు వచ్చాయి, అందరికీ 60 షాట్ల మ్యాచ్ పెట్టి ఆదివారం ఒక్కరోజులో అయిపోతుందనుకున్నాం. రాత్రి 9 దాటినా ఇంకా కాల్పిస్తూనే ఉన్నాం, పిల్లలు నిద్రపోయారు, పేరెంట్స్ మా మీద కేకలు. ఈసారి ఎలా ప్లాన్ చేయాలి?

జవాబు: మీరు లెక్క మనుషులతో మొదలుపెట్టారండీ, టైమ్‌తో పెట్టాలి. పేపర్ టార్గెట్ మీద 60 షాట్లకి రూల్ ప్రకారం 90 నిమిషాలు ఇవ్వాలి (ఎలక్ట్రానిక్ అయితే 75), దానికి ముందు ప్రిపరేషన్, సైటర్స్‌కి (లెక్కలోకి రాని ప్రాక్టీస్ షాట్లు) 15. కాల్చినవాళ్ళు కిట్ సర్దుకుని లేచి వెళ్ళి, తర్వాతివాళ్ళు జాకెట్ బిగించి స్టాండ్ పెట్టుకునేసరికి ఇంకో 25 ఎక్కడికీ పోవు. అంటే రిలేకి (ఒకేసారి కాల్చే ఒక బ్యాచ్‌కి) 2 గంటల 10 నిమిషాలు. 8 లేన్లున్నా ఒకటి ఖాళీగా ఉంచాలి, ఎందుకంటే టార్గెట్ లాగే మోటారు మొరాయించేది సరిగ్గా మ్యాచ్ రోజే. అప్పుడు 7గురు చొప్పున 6 రిలేలు, 13 గంటలు. పొద్దున 8కి మొదలుపెట్టినా రాత్రి 9 అవుతుంది, మీకు జరిగింది అదే కదా.

ఈసారి కొత్తవాళ్ళనీ చిన్నపిల్లల్నీ విడదీయండి. ఉదాహరణకి వాళ్ళు 14 మంది అనుకుందాం, వాళ్ళకి 40 షాట్లు చాలు. ఆడవాళ్ళ మ్యాచ్ కూడా 2018 దాకా 40 షాట్లే ఉండేది, అందుకని ఇదేదో తక్కువరకం మ్యాచ్ అని ఎవరూ ఫీలవ్వక్కర్లేదు. సైటర్స్‌కి 10, మ్యాచ్‌కి 60, మార్పుకి 20, మొత్తం గంటన్నర. శనివారం మధ్యాహ్నం 2:30కి మొదలుపెడితే రెండు రిలేలు 5:30కల్లా క్లోజ్. మిగిలిన 24 మందికి ఆదివారం ఆరుగురు చొప్పున 4 రిలేలు: 7:30, 9:40, 11:50, 2:00. సాయంత్రం 4:10కి చివరి రిలే అయిపోతుంది, పైగా రెండు లేన్లు చేతిలో ఉంటాయి. మధ్యలో లంచ్ బ్రేక్ పెట్టకండి, ఎవరి రిలే అయ్యాక వాళ్ళు తింటారు, బిర్యానీ తిని 2 గంటల రిలేలో నిలబడితే గన్ కూడా కునికిపాట్లు పడుతుంది.

గురువారం రాత్రికి ఎంట్రీలు క్లోజ్ చేసి శుక్రవారం రిలే లిస్ట్ వాట్సాప్‌లో పెట్టేయండి. స్పాట్ ఎంట్రీ మాత్రం వద్దు, మొహమాటానికి నేనూ ఒకసారి ముగ్గురిని తీసుకున్నా, ఆ ముగ్గురి కోసం ఒక రిలే మొత్తం పెరిగింది. లేటుగా వచ్చినవాళ్ళని కాల్చనివ్వండి కానీ ఎక్స్‌ట్రా టైమ్ ఇవ్వకండి. ఇంకోటి, డేట్ ఖాయం చేసేముందు పంచాంగం కూడా చూడండి, నిజంగానే చెప్తున్నా, మాఘమాసం ముహూర్తాల్లో సగంమంది పెళ్ళిభోజనాల దగ్గరే ఉంటారు, మార్చిలో పరీక్షలు సరేసరి.

ప్రశ్న: మాకు కాల్చడం కంటే కార్డులు (పేపర్ టార్గెట్లు) లెక్కపెట్టడమే లేట్ అవుతోంది, పైగా టై పడితే గొడవ. ఏం చేయాలి?

జవాబు: కార్డుకి ఒక షాట్ చొప్పున పై లెక్కలోని మ్యాచ్‌కైతే 24 మందికి 1440, 14 మందికి 560, కరెక్ట్‌గా 2000 కార్డులు, సైటర్లు వేరే. ఇవన్నీ చివర్లో లెక్కపెడదాం అంటే తెల్లారుతుంది! రిలే, లేన్, సీరియల్ నంబర్లు ముందు రోజే రాసి కట్టలు కట్టుకోండి, ఒక రిలే కాలుస్తుండగానే ముందు రిలే కార్డులు ఇద్దరు కూర్చుని చూసెయ్యాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. చేత్తో లెక్కేస్తూ 10.4, 10.7 అని దశాంశాల జోలికి పోవద్దు, పూర్తి అంకెలే వేయండి, 600కి ఎంత అని. రంధ్రం ఎక్కువ పాయింట్ల రింగు గీతని తాకితే ఆ ఎక్కువ పాయింటే, డౌట్ వస్తే గేజ్ (రంధ్రంలో పెట్టి చూసే కొలత పరికరం) పెట్టండి. టై అయితే ముందు ఇన్నర్ టెన్‌లు (10 రింగులోనూ సరిగ్గా నడిమధ్యన పడ్డ షాట్లు), అవీ సమానమైతే చివరి 10 షాట్లు, అప్పటికీ తేలకపోతే దాని ముందు 10. ఈ రూల్ మ్యాచ్‌కి ముందే గోడకి అంటించాలి, తర్వాత చెప్తే ఎవరికో అనుకూలంగా చేశారంటారు.

పక్కవాడి కార్డు మీద కాలిస్తే కాల్చినవాడికి అది మిస్. పక్కవాడికి మాత్రం నష్టం ఉండకూడదు, రెండు రంధ్రాల్లో తనది ఏదో తేలకపోతే ఎక్కువ పాయింట్ ఉన్నదే ఇవ్వాలి.

ప్రశ్న: మా అబ్బాయి కాలుస్తుంటే వెనక నుంచి నేను కాస్త చెప్తే రేంజ్ ఆఫీసర్ నన్ను బయటికి పంపించారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయమే అండి! లైన్ మీద ఉన్న షూటర్ రేంజ్ అధికారులతో తప్ప మాట్లాడకూడదు, సైగ చేస్తే పర్లేదు, నోరు మాత్రం విప్పకూడదు. మీరు చేయగలిగిన పని ఇంకోటుంది, సేఫ్టీ ఫ్లాగ్ (గన్ ఖాళీ అని చూపించే రంగు తీగ) పెట్టకుండా గన్ కేసులోంచి తీయకూడదని ఇంట్లోనే అలవాటు చేయండి, మ్యాచ్ అయ్యాక తినేముందు చేతులు సబ్బుతో కడిగించండి, ఆ పెల్లెట్లు సీసంతో చేసినవి.