బడ్జెట్‌లో డబ్బు లేదంటే గౌరవంగా బతికే హక్కు ఏమవుతుంది?

డబ్బు లేదన్నంత మాత్రాన హక్కు పోదు. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. తిండి, బట్ట, ఇల్లు సహా తగిన జీవన ప్రమాణం హక్కని అందులోని 11వ అధికరణ చెబుతుంది. ఉన్న వనరులన్నీ వాడి అంచెలంచెలుగా నెరవేర్చాలన్నది 2వ అధికరణ. అంటే ఖజానాలో ఎంతుందో ఒక్కటే కాదు, ఉన్నది ఎటు పోతోందో కూడా అడగాలి.

మన రాజ్యాంగంలో బతకడానికి సరిపడే వేతనం గురించి చెప్పే 43వ అధికరణ, పోషణ, ప్రజారోగ్యం గురించి చెప్పే 47వ అధికరణ ఆదేశిక సూత్రాలు, అంటే ప్రభుత్వానికి మార్గదర్శకాలు. వాటి అమలు కోసం నేరుగా కోర్టుకెక్కలేం. కానీ జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో ముంబై పేవ్‌మెంట్ వాసులకు సంబంధించిన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

వృద్ధాప్య పింఛనే చూడండి. తెలంగాణ 2019లో దాన్ని నెలకు 2016 రూపాయలు చేసింది. 60-79 ఏళ్ల పేదలకు కేంద్రం తన వాటాగా ఇచ్చేది 200, 2007లో 65 దాటినవారికి ఇచ్చిందీ అంతే. హైదరాబాద్ బోరబండలో ఒంటరిగా ఉండే అవ్వ గది అద్దె కట్టి, బీపీ మాత్రలు కొన్నాక, రేషన్ బియ్యంలోకి కూరకేం మిగులుతుంది? ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

బడ్జెట్ రోజు వినిపించేవి అంచనాలే. తర్వాతి ఏళ్ల పత్రాల్లో వచ్చే వాస్తవ వ్యయం చూడండి. అర్థంకాకపోతే సమాచార హక్కు కింద అడగండి.