నేల ఇచ్చే నత్రజనిని అంచనా కట్టే చదువు: దారి ఏది?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. వరంగల్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నాన్న పత్తి, మక్క వేస్తారు. నేల నుంచి ఎంత నత్రజని విడుదలవుతుందో ముందే అంచనా కట్టి యూరియా మోతాదు చెప్పే పరిశోధన చేయాలని ఉంది. మృత్తికా శాస్త్రంలో ఉద్యోగాలు తక్కువని, డేటా సైన్స్ కోర్సు చేయమని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ సమస్యలోని అసలు కష్టాన్ని ఒక లెక్కలో చూడండి. ఎకరం చేనులో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం అనుకుంటే 4,500 కిలోల కర్బనం, అందులో దాదాపు పదో వంతుగా 450 కిలోల నత్రజని ఉంటాయి. ఏడాదిలో దానిలో 1 శాతమే విడుదలైతే పైరుకు అందేది 4.5 కిలోల నత్రజని, అంటే సుమారు 10 కిలోల యూరియాతో సమానం. 3 శాతం విడుదలైతే 30 కిలోలకు దగ్గర, అంటే 45 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. ఆ శాతం ఎంతో చెప్పగలగడమే మీ పరిశోధన.

భూసార పరీక్షల్లో పైరుకు అందే నత్రజనిని కొలవడానికి ఎక్కువగా వాడే ఆల్కలైన్ పర్మాంగనేట్ అనే రసాయన పద్ధతిని 1956లో శాస్త్రవేత్తలు సుబ్బయ్య, అసిజా ప్రతిపాదించారు. హెక్టారుకు 280 కిలోల లోపు వస్తే ‘తక్కువ’ అంటారు. అయితే వానలు పడ్డాక ఏ వారంలో ఎంత నత్రజని వస్తుందో ఆ అంకె చెప్పదు. అది తేమ, వేడి, నేలలో కలిసిన చెత్త స్వభావాలను బట్టి మారుతుంది. కర్బనం ఎక్కువగా, నత్రజని తక్కువగా ఉండే మక్క చొప్పను దున్నితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కొన్ని వారాలపాటు నేలలోని నత్రజనినే వాడుకుంటాయి. ఇసుక పాలు ఎక్కువుండే చల్క నేలలో వచ్చిన నైట్రేట్ (నీటిలో కరిగే నత్రజని రూపం) పెద్ద వానకు కిందికి కొట్టుకుపోతుంది. రేగడిలో నీరు నిలిస్తే అది వాయువుగా మారి పోతుంది.

మిత్రుల మాటలో సగం నిజముంది: గణాంక శాస్త్రం, ఆర్ (గణాంకాల లెక్కలకు వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామింగ్ మీకు కచ్చితంగా కావాలి. కానీ మట్టిని కొలిచి తెచ్చిన అంకెలు లేనిదే కంప్యూటర్‌లో అంచనా కట్టే మోడల్‌కు ఆధారం ఉండదు. 1972లో స్టాన్‌ఫర్డ్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు మట్టిని 35 డిగ్రీల దగ్గర 30 వారాలు ఉంచి, విడుదలైన నత్రజనిని మధ్యమధ్య కడిగి కొలిచారు. ఇలాంటి పనిలో మట్టి ఉంచిన సీసాను తూకం వేసి, తగ్గినంత నీటిని మాత్రమే కలిపే ఓపిక మీకుందో లేదో ప్రయోగశాలలో చేరకముందే తెలుసుకోవాలి.

కాబట్టి ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్షకు సిద్ధమై, ఎమ్మెస్సీలో మృత్తికా శాస్త్రమే ఎంచుకోండి. పరిశోధనలో స్థిరపడాలంటే పీహెచ్‌డీ తప్పదు. ఆ దూరాన్ని మీ ఇంట్లో ఇప్పుడే చెప్పండి. శాస్త్రవేత్త ఉద్యోగానికి ఏఆర్‌ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష ఉంది. వ్యవసాయ అధికారి పోస్టుకు బీఎస్సీ అర్హత చాలు గనుక నోటిఫికేషన్ వస్తే అదీ రాయండి.

ఈ వానాకాలం నాన్నగారిని ఒప్పించి, మక్క చేనులో ఒక గుంట నేలకు యూరియా, డీఏపీ వంటి నత్రజని ఉన్న ఎరువులేవీ వేయకుండా, నత్రజని లేని భాస్వరం, పొటాష్ ఎరువులు మాత్రం యథావిధిగా వేయించండి. ఆ గుంటలో తగ్గే దిగుబడి ఇల్లు భరించగలిగేదే. కోతకు గింజనూ చొప్పనూ తూచి, వాటిలోని నత్రజనిని మీ కళాశాల ప్రయోగశాలలో పరీక్షించమని అడగండి. మీ నేల తనంతట తాను పైరుకు ఇచ్చింది దాదాపు ఎంతో ఆ అంకె చెబుతుంది.