ఇంటర్నెట్ చూడటానికే అయితే పాత నెట్‌బుక్ సరిపోతుందా?

డిగ్రీలో చేరడానికి బెంగళూరు వస్తున్న మీ అమ్మాయికి ఇంటర్నెట్ చూసుకోవడానికి మాత్రమే ఒక చిన్న కంప్యూటర్ కావాలని, ఎస్పీ రోడ్డులో మూడు వేలకు పాత నెట్‌బుక్ (చిన్న, చవక రకం ల్యాప్‌టాప్) ఇస్తామంటున్నారని, తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. అలాంటి దానితో ఆరేళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను.

ఏసస్ సంస్థ 2007లో ఏడు అంగుళాల తెర ఉన్న ‘ఈ పీసీ’ని తెచ్చిన తరువాత ఈ చిన్న యంత్రాలకు గిరాకీ పెరిగింది. నేను 2009లో మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ, అదే ఎస్పీ రోడ్డులో పది అంగుళాలది ఒకటి కొన్నాను. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, ఒక గిగాబైట్ ర్యామ్. సంచిలో వేసుకుంటే బరువే తెలిసేది కాదు. అయితే దాని తెర నిలువు 600 పిక్సెళ్లే కావడంతో కొన్ని సెట్టింగుల పెట్టెలు తెరను దాటి కిందికి పోయేవి, ‘ఓకే’ బటన్ కనిపించేదే కాదు. ట్యాబ్ కీని లెక్కపెట్టి నొక్కి, బటన్ మీదికి చేరి ఉంటామన్న నమ్మకంతో ఎంటర్ కొట్టేవాడిని. లెక్క తప్పి ‘క్యాన్సిల్’ మీద పడిన రోజులూ ఉన్నాయి.

ఆ అవస్థ భరించవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ‘ఇంటర్నెట్ చూడటమే కదా’ అని మనం తేలికగా అనే పని ఇప్పుడు తేలికైనది కాదు. అప్పట్లో వెబ్ పేజీ అంటే చాలావరకు అక్షరాలు, బొమ్మలు. ఇప్పుడు ఒక్కొక్క పేజీ ఒక్కొక్క ప్రోగ్రాము, తెరిచిన ప్రతి ట్యాబూ వందల మెగాబైట్ల ర్యామ్‌ను మింగగలదు. ఎన్270 ఉన్న నెట్‌బుక్‌లో ర్యామ్‌ను రెండు గిగాబైట్లకు మించి పెంచలేము. పైగా అది పాత తరహా 32 బిట్ల ప్రాసెసర్. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుందామన్నా, 32 బిట్ల లినక్స్‌కు క్రోమ్ బ్రౌజర్ 2016లోనే ఆగిపోయింది. 2025లో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్‌ను అటువంటి యంత్రంలో కొత్తగా ఇన్‌స్టాల్ చేయడానికే వీలులేదు. అప్‌డేట్లు రాని బ్రౌజర్‌లో మీ అమ్మాయి బ్యాంకు ఖాతా తెరవడం మీకూ ఇష్టం ఉండదు.

ఇంత తెలిసీ నేను మరొక తప్పు చేశాను. 2018లో 32 గిగాబైట్ల నిల్వ ఉన్న చిన్న విండోస్ ల్యాప్‌టాప్‌ను, కొత్తదే, ‘వెబ్‌కు ఇది చాలు సార్’ అన్న దుకాణదారు మాట విని కొన్నాను. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ స్థలం చాలదని ఆగిపోయేది, నేను ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తరలించి మళ్లీ మొదలుపెట్టేవాడిని. విండోస్ 11కు కనీసం 64 గిగాబైట్లు కావాలి కనుక అది ఆ మెట్టు ఎక్కనే లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది క్రోమ్‌బుక్, అంటే విండోస్‌కు బదులు గూగుల్ వారి క్రోమ్ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్. వెబ్‌కు మాత్రమే అయితే నా ఓటు దానికే. నాలుగు గిగాబైట్ల ర్యామ్‌తో సర్దుకోవచ్చు, ఎనిమిది ఉంటే హాయి. ర్యామ్‌ను చాలా వాటిలో బోర్డుకే అతికించేస్తారు కాబట్టి తరువాత పెంచుకుందామనుకోవడం కుదరదు. కళాశాలలో విండోస్ సాఫ్ట్‌వేర్ అడుగుతారేమో ముందే కనుక్కోండి. అడిగేటట్లయితే ఎనిమిదో తరం ఇంటెల్ కోర్ ప్రాసెసర్, ఎనిమిది గిగాబైట్ల ర్యామ్ ఉన్న పాత ఆఫీసు ల్యాప్‌టాప్ మేలు, కాస్త బరువైనా సరే.

సెకండ్ హ్యాండ్ క్రోమ్‌బుక్ తీసుకుంటే డబ్బు ఇవ్వకముందే రెండు పనులు చేయండి. సెట్టింగుల్లో ‘అబౌట్ క్రోమ్ఓఎస్’ తెరిచి, అప్‌డేట్లు ఏ నెల వరకు వస్తాయో చూడండి; 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు ఇస్తారు కానీ, ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ హార్డ్‌వేర్ విడుదలైన నాటి నుంచి మొదలవుతుంది. తరువాత దుకాణంలోనే, వైఫై కలిపి, మొత్తం రీసెట్ చేయించండి. అది ఏదైనా సంస్థ పేరుమీద నమోదై ఉంటే రీసెట్ అయ్యాక ఆ సంస్థ లాగిన్ అడుగుతుంది, మీ ఖాతాతో తెరుచుకోదు. నేను వెళ్లిన ఒక దుకాణంలో రీసెట్ అనగానే ‘ఇంటికెళ్లి చేసుకోండి సార్’ అన్నారు. పక్క దుకాణంలో కొన్నాను.