పార్టీలు, ఆర్థిక సంస్కరణల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఆఖరి సంవత్సరం, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదువుతోంది. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వమంటే, రాజకీయ పార్టీలు ఆర్థిక సంస్కరణలు ఎలా చేస్తాయన్న దాని మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. రోజూ పేపర్లో వచ్చే సంగతులకు పీహెచ్‌డీ ఎందుకండీ? మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీకు బాగా తెలిసిన ఉదాహరణే చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడగొట్టారు. అదే ఏడాది ఎన్నికల్లో తెలుగుదేశం మళ్లీ గెలిచింది. 2000లో చార్జీలు పెంచితే ఉద్యమం లేచింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. 2004లో గెలిచిన వైఎస్ ప్రమాణస్వీకారం రోజే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. అయితే విడగొట్టిన బోర్డును మాత్రం ఆయన ప్రభుత్వం మళ్లీ కలపలేదు.

ప్రతిపక్షంలో ఉండగా తిట్టిన సంస్కరణలో అధికారంలోకి వచ్చాక ఎంత ఉంచుతారు, ఎంత మారుస్తారు? 2004 ఫలితానికి కరెంటు చార్జీలే కారణమా, కరువా, టీఆర్ఎస్, వామపక్షాలతో కాంగ్రెస్ పొత్తా? టీవీ చర్చలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఏది ఎంత పనిచేసిందో ఆధారాలతో చూపించాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది. మీ అమ్మాయి అడుగుతున్నది ఆ పని.

ఇక డబ్బు సంగతి. ఎంఏ రెండేళ్లు, పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు వేసుకోండి. లెక్చరర్లకు, పరిశోధకులకు జాతీయ స్థాయిలో జరిగే యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, దాని మీద ఇంటి అద్దె భత్యం. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మూలవేతనం 57,700తో మొదలవుతుంది. కానీ ఆ రెగ్యులర్ పోస్టు ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. రాష్ట్ర యూనివర్సిటీల్లో నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం, పీహెచ్‌డీలు చేసినవాళ్లు కాంట్రాక్టు మీద, గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెబుతూ ఉండిపోవడం మీరూ వినే ఉంటారు. అది నిజమే.

అందుకే నా షరతు ఒకటి. ఎంఏ ఆఖర్లో, తర్వాతి ఏడాదిలో కలిపి రెండు మూడుసార్లు నెట్ రాయనివ్వండి. జేఆర్ఎఫ్ గానీ, ఫెలోషిప్ ఇచ్చే సంస్థలో సీటు గానీ వస్తే ముందుకెళ్లాలి. రాకపోతే సొంత డబ్బుతో పీహెచ్‌డీ వద్దు. అప్పటికి చదివిన పాలిటీ, ఎకానమీ గ్రూప్స్‌లో ఎలాగూ పనికొస్తాయి. నెట్, గ్రూప్స్ రెండూ ఒకేసారి పూర్తిస్థాయిలో చదవమని మాత్రం ఒత్తిడి చేయకండి. రెండూ చెడతాయి.

ఈ రంగంలో చాలామంది తెలుగు పిల్లలు వెనకబడేది గణాంకాల దగ్గర. ఎన్నికల ఫలితాలు, బడ్జెట్ పత్రాలు చదివి లెక్క కట్టడం రావాలి. రిగ్రెషన్ అంటే, ఏ కారణం ఫలితాన్ని ఎంత మార్చిందో అంచనా వేసే గణాంక పద్ధతి అంటే, భయం పోవాలి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. తెలుగు రావడం మాత్రం ఆమెకు పెద్ద బలం. శాసనసభ చర్చలు, పాత దినపత్రికలు, చార్జీల పెంపుపై విద్యుత్ నియంత్రణ మండలి జరిపే బహిరంగ విచారణల్లో రైతు సంఘాలు చెప్పిన అభ్యంతరాలు, వీటిని నేరుగా చదవగలిగినవాళ్లు ఢిల్లీలో ఎంతమంది ఉంటారు?

చేరడానికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ మంచివి. రెండింటికీ ఎంఏ ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారానే. ఆ పరీక్ష ఈమధ్య మార్చి ప్రాంతంలో జరుగుతోంది, నోటిఫికేషన్ అంతకు ముందే వస్తుంది కాబట్టి డిసెంబర్ నుంచే కనిపెట్టుకుని ఉండండి. ఈలోగా ఆమెను ఒక పని అడగండి: ఏ రాష్ట్రం, ఏ సంస్కరణ, ఏ సంవత్సరాలు, ఏ పార్టీలు అన్నది రెండు పేజీల్లో తెలుగులోనే రాసి మీకు చూపించమనండి. అది చదివాక ఇంకా సందేహం ఉంటే ఆ రెండు పేజీలతో సహా నాకు మళ్లీ రాయండి.